బెర్లిన్ కొండల్లో బంగారం పోయింది, ఎముకలు మిగిలాయి

బెర్లిన్-ఇక్థియోసార్ స్టేట్ పార్క్ అమెరికాలోని నెవడా రాష్ట్రం నడిమధ్యన, నై కౌంటీలో ఉంది. షోషోని పర్వతాల పడమటి వాలు మీద, సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఈ పార్కు పరుచుకుంది. దానికి దిగువన అయోన్ లోయ. పడమటి వైపు దగ్గరి ఊరు గాబ్స్, అది కూడా ఓ మెగ్నీషియం గని చుట్టూ పుట్టిన చిన్న ఊరే. అక్కడి నుంచి పార్కుకు దాదాపు 37 కిలోమీటర్లు. ఒకే కొండవాలు మీద ఇక్కడ రెండు వేర్వేరు కాలాలు కనిపిస్తాయి. ఒకటి వందేళ్ల కిందట ఖాళీ అయిన బంగారు గని ఊరు. రెండోది, ఇరవై కోట్ల ఏళ్లకు పైబడిన నాటి సముద్రంలో ఈదిన భారీ సరీసృపాల ఎముకల నెలవు. మనుషులు ఈ కొండను రెండుసార్లు తవ్వారు. మొదటి తవ్వకం దొరికిందల్లా పట్టుకుపోయింది. రెండోది దొరికినదాంట్లో ఒక ముఖ్యమైన భాగాన్ని దొరికినచోటే ఉంచింది. ఈ తేడా వల్లనే పార్కుకు ఇవాళ్టి విలువ వచ్చింది.

నెవడా అమెరికాలో అన్నిటికన్నా తక్కువ వాన పడే రాష్ట్రం. పసిఫిక్ మహాసముద్రం నుంచి వచ్చే తేమగాలులు పడమట ఉన్న సియెరా నెవడా పర్వతాలు ఎక్కేటప్పుడే చాలామటుకు వాన కురిపించేస్తాయి, అవతలి నేలకు దక్కేది పొడిగాలే. అయినా ఇది ఇసుకతిన్నెల ఎడారి కాదు. ఉత్తర దక్షిణాలుగా సాగే పర్వత శ్రేణులు, వాటి నడుమ చదునైన లోయలు ఒకదాని తర్వాత ఒకటిగా రాష్ట్రమంతా వరుస తీరి ఉంటాయి. లోయల్లో బూడిదరంగు సేజ్‌బ్రష్ పొదలు పెరుగుతాయి. కాస్త ఎత్తుకు వెళితే పిన్యన్ పైన్, జునిపర్ చెట్లు మొదలవుతాయి. ఈ ఎత్తుల్లో చలికాలంలో మంచు పడుతుంది, వేసవి రాత్రులు కూడా చల్లగానే ఉంటాయి.

ఈ భూస్వరూపానికి కారణం భూమి పైపొర సాగిపోవడం. గడిచిన కొన్ని కోట్ల సంవత్సరాలుగా ఇక్కడి పైపొర తూర్పు పడమరలుగా సాగుతోంది. అలా సాగుతూ పగుళ్లిచ్చినప్పుడు కొన్ని దిమ్మెలు పైకి లేచి కొండలయ్యాయి, కొన్ని కుంగి లోయలయ్యాయి. అంతకు చాలా ముందు ఇదంతా సముద్రం. ఆ సముద్రపు అడుగున పేరుకున్న బురద, సున్నం గట్టిపడి రాళ్లయ్యాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతి వరుసను లూనింగ్ ఫార్మేషన్ అంటారు. అది ట్రయాసిక్ యుగం చివరి భాగానికి చెందింది. ఎముకలున్నది ఈ పొరల్లోనే. బంగారం, వెండి వేరే దారిన వచ్చాయి. భూగర్భంలోని వేడినీళ్లు రాతి పగుళ్లలో పైకి వస్తూ, చల్లబడేటప్పుడు పలుగురాయిని, దాంతోపాటు లోహాలను అక్కడ వదిలిపెట్టాయి. సముద్రపు జీవుల ఎముకలూ వేడినీళ్లు తెచ్చిన లోహాలూ ఇలా ఒకే కొండలో చేరాయి.

ఖనిజ అన్వేషకులకు 1863లో ఇక్కడి యూనియన్ కాన్యన్ ప్రాంతంలో వెండి కనిపించింది. అదే ఏడాది అయోన్ ఊరు వెలిసింది. మరుసటి ఏడాది నై కౌంటీ ఏర్పడినప్పుడు అయోనే దాని తొలి కేంద్రం. మూడేళ్లకే, 1867లో, కౌంటీ కేంద్రం బెల్మాంట్‌కు తరలిపోయింది. కొత్త గని ఎక్కడ దొరికితే ఊరూ అధికారమూ అక్కడికి మారడం ఆనాటి నెవడాలో మామూలే.

అయితే 1863ను ఖనిజం దొరికిన ఏడాదిగా మాత్రమే చెప్పుకుంటే చరిత్ర సగమే అవుతుంది. ఆ ఏడాది అక్టోబర్ 1న అమెరికా ప్రభుత్వం ఇక్కడి మూలవాసులైన పశ్చిమ షోషోనీలతో రూబీ వ్యాలీ ఒప్పందం కుదుర్చుకుంది. ఆ ఒప్పందంలో షోషోనీలు తమ భూమిని అమ్మలేదు, వదులుకోనూ లేదు. తమ దేశంలోంచి రాకపోకలకు, బంగారం వెండి వెతుక్కోవడానికి, గనులు నడపడానికి, మిల్లులు కట్టి వాటికోసం కలప కొట్టుకోవడానికి అనుమతి మాత్రం ఇచ్చారు. బదులుగా ఏటా 5,000 డాలర్ల విలువైన పశువులు, సరుకులు 20 ఏళ్లపాటు ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. అనుమతి పొందినవాళ్లు క్రమంగా యజమానులయ్యారు. 1970ల్లో ఒక ప్రభుత్వ కమిషన్ ఈ భూమికి 2.6 కోట్ల డాలర్ల పరిహారం తేల్చింది. అమ్మని భూమికి డబ్బు తీసుకోబోమని షోషోనీ నాయకులు పట్టుబట్టారు. ఆ సొమ్ము ఖజానాలో చేరగానే చెల్లింపు జరిగినట్టేనని 1985లో సుప్రీంకోర్టు షోషోనీలైన డాన్ అక్కచెల్లెళ్ల కేసులో తీర్పు చెప్పింది. పార్కున్న కొండలకు తూర్పున, రీస్ నది లోయలో యోంబా షోషోనీల రిజర్వేషన్ ఇప్పటికీ ఉంది. కొండకు ఇవతల గని చరిత్ర, అవతల దాని మూల్యం.

ఆ మూల్యంలో కలప పెద్దది. పిన్యన్ పైన్ గింజలు షోషోనీలకు చలికాలపు ప్రధాన ఆహారం. శరదృతువులో కుటుంబాలన్నీ కొండలెక్కి కాయలు రాల్చి, వేయించి, నిల్వ చేసుకునేవి. గని నడవాలంటే సొరంగం పైకప్పు కూలకుండా దుంగలు కావాలి, ఆవిరి యంత్రానికి కట్టెలు, కమ్మరి కొలిమికీ లోహాలు కరిగించడానికీ బొగ్గు కావాలి. ఈ ఎడారి కొండల్లో దుంగలైనా, కట్టెలైనా, బొగ్గైనా పిన్యన్, జునిపర్ల నుంచే రావాలి. బెర్లిన్ బతికున్న రోజుల్లో అక్కడ గని కార్మికులతోపాటు కట్టెలు కొట్టేవాళ్లు, బొగ్గు కాల్చేవాళ్లు కూడా ఉండేవారు. గని ఎంత లోతుకు దిగితే కొండ మీద అడవి అంత పలచబడేది. గింజల మీద బతికిన కుటుంబాలు చివరికి గనుల్లో, పశువుల కొట్టాల్లో కూలికి దిగాల్సి వచ్చింది.

బెర్లిన్ గని 1890ల్లో మొదలైంది. 1897లో ఊరు ఏర్పడింది. కొన్నాళ్లకే గనీ, మిల్లూ, ఊరూ మొత్తం నెవడా కంపెనీ అనే సంస్థ చేతికి వచ్చాయి. ఇళ్లు, దుకాణం, ఆఫీసు అన్నీ కంపెనీవే. యూనియన్ కాన్యన్‌లో ఉన్నవాళ్లను కలుపుకుంటే మంచి రోజుల్లో జనాభా 200 నుంచి 250 వరకు ఉండేది. వైద్యుడు, నర్సు, అటవీ రేంజరు కూడా ఉండేవారు. భూగర్భంలో దాదాపు 5 కిలోమీటర్ల సొరంగాలు తవ్వారు. 1900లో టొనోపా, 1902లో గోల్డ్‌ఫీల్డ్ బయటపడి దేశమంతటి దృష్టినీ లాక్కున్నాయి. వాటి ముందు బెర్లిన్ చిన్న ఊరే.

ఊరికి ప్రాణం మిల్లు. ఇప్పటికీ కొండవాలు మీద మెట్లు మెట్లుగా దిగుతూ నిలబడి ఉన్నది అదే. ముడి ఖనిజాన్ని పైనుంచి పోస్తే, బరువు సాయంతో ఒక్కో దశ దాటుతూ కిందికి రావడానికి వీలుగా దాన్ని వాలు మీద కట్టారు. లోపల 30 ఇనుప దిమ్మెలు ఆవిరి బలంతో లేచి పడేవి. మన పెరట్లో రోకళ్లు వడ్లు దంచినట్టే అవి నీటితో కలిపి రాయిని దంచేవి. మెత్తని గుజ్జుగా మారిన రాయి పాదరసం పూసిన రాగి పలకల మీదుగా జారేది. బంగారం, వెండి రేణువులు పాదరసానికి అంటుకుని ముద్దగా మారేవి. ఆ ముద్దను గీకి, వేడి చేస్తే పాదరసం ఆవిరయ్యేది, లోహం మిగిలేది. ఆవిరైన పాదరసాన్ని పూర్తిగా తిరిగి పట్టుకోవడం ఎప్పుడూ సాధ్యం కాదు. మిల్లు కార్మికుల ఊపిరితిత్తుల్లోకి వెళ్లినదాని లెక్క ఎవరూ రాయలేదు. గని కార్మికుల సంగతి అంతకన్నా దారుణం. పలుగురాయిని డ్రిల్లు చేసినప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తులను గట్టిపరిచి మనిషిని మెల్లగా చంపుతుంది. ఆ కాలంలో పశ్చిమాన ఏ గని ఊరైనా ఈ జబ్బును ఎరుగును. బెర్లిన్ దిగువన చిన్న శ్మశానం ఉంది, పార్కుకు వచ్చినవాళ్లు తప్పకుండా ఆగి చూడాల్సిన చోటు అది.

ఇంత శ్రమకూ వచ్చిన ఫలితం గని జీవితకాలం మొత్తం మీద సుమారు 8,49,000 డాలర్ల ఖనిజం. ఔన్సు బంగారం 20 డాలర్ల పైచిలుకు ఉన్న రోజుల లెక్క అది. 1907లో కూలి పెంచాలని కార్మికులు సమ్మె చేశారు. అదే ఏడాది దేశాన్ని ఆర్థిక సంక్షోభం ముంచెత్తింది. గని మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. 1911 నాటికి ఊరు దాదాపు ఖాళీ. తర్వాత కొన్నేళ్లు మిల్లు వ్యర్థాల దిబ్బలోంచి సైనైడ్‌తో మిగిలిన లోహాన్ని రాబట్టారు. అదీ ముగిసింది.

నెవడాలో గని మూతపడితే ఇళ్ల చెక్కలు, తలుపులు, రేకులు విప్పుకుని కొత్త ఊరికి తీసుకెళ్లడం ఆనవాయితీ. ఎడారిలో కలప ఖరీదు అలాంటిది. బెర్లిన్ ఆ గతి నుంచి తప్పించుకుంది. ఆస్తి అంతా ఒకే యజమాని చేతిలో ఉండటం, పొడి గాలిలో చెక్క త్వరగా కుళ్లకపోవడం, దారి దూరం కావడం ఇందుకు తోడ్పడ్డాయి. యజమాని ఒకరే కావడం వల్ల తర్వాత ప్రభుత్వం దాన్ని ఒక్కచోటుగా సేకరించడమూ సులువైంది. 1971లో బెర్లిన్ అమెరికా చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేరింది.

పార్కు పుట్టింది మాత్రం ఊరి కోసం కాదు, ఎముకల కోసం. యూనియన్ కాన్యన్ రాళ్లలో గుండ్రని, పెద్ద పళ్లెమంత వెన్నుపూసలు ఉన్న సంగతి గని కార్మికులకు తెలుసని, వాటిని భోజనపు పళ్లేలుగా వాడేవారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆధారం ఉన్న చరిత్ర 1928తో మొదలవుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సైమన్ ముల్లర్ అప్పట్లో ఈ శిలాజాలను గుర్తించారు. ఆ మారుమూలకు పెద్ద తవ్వకం తేవడం వెంటనే సాధ్యం కాలేదు. పాతికేళ్ల తర్వాత నెవడాలోని ఫాలన్‌కు చెందిన మార్గరెట్ వీట్ పట్టుబట్టి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన చార్ల్స్ క్యాంప్‌కు ఈ చోటును చూపించారు. ఉత్తర పయూట్ మూలవాసుల చేతిపనులను, బతుకు తీరును రికార్డు చేసిన వీట్‌కు నెవడా చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. విశ్వవిద్యాలయ పదవి లేని ఒక మహిళ పట్టుదల లేకుంటే ఈ పార్కు ఉండేది కాదు. ఆమె పేరు ఇంకా ఎక్కువమందికి తెలియాలి.

క్యాంప్, ఆయన సహచరుడు శామ్యూల్ వెల్స్ 1954లో తవ్వకాలు మొదలుపెట్టారు. 1960ల దాకా పలు దఫాలుగా సాగిన ఆ పనిలో దాదాపు 37 జంతువుల అవశేషాలు బయటపడ్డాయి. ఇవి ఇక్థియోసార్లు. వీటిని డైనోసార్లుగా పొరబడేవాళ్లు చాలామంది. నిజానికి నేల మీది సరీసృపాల నుంచి పుట్టి, సముద్రానికి తిరిగి వెళ్లి, కాళ్లను తెడ్లుగా మార్చుకున్న వేరే వంశం ఇది. చూడటానికి చేపలా ఉన్నా గాలి పీల్చేవి. గుడ్లు పెట్టకుండా నీటిలోనే పిల్లల్ని కనేవి. బెర్లిన్‌లో దొరికిన జాతి 15 మీటర్ల దాకా పెరిగేది. దానికి క్యాంప్ షోనిసారస్ పోపులారిస్ అని పేరు పెట్టారు. 1975లో ఆయన చనిపోయారు. ఆ పేరు 1976లో, పూర్తి వర్ణన 1980లో అచ్చయ్యాయి. 1977లో నెవడా దాన్ని రాష్ట్ర శిలాజంగా ప్రకటించింది.

1957లో పార్కు ఏర్పడినప్పుడు తీసుకున్న ఒక నిర్ణయం అన్నిటికన్నా ముఖ్యమైనది. క్వారీ 2గా పిలిచే చోట బయటపడిన అస్థిపంజరాలను మొత్తంగా పెకిలించి తీసుకెళ్లలేదు. రాతిలో అవి పడి ఉన్న తీరునే ఉంచి, 1960ల్లో వాటి మీద ఒక షెల్టర్ కట్టారు. కొన్ని ఎముకలు మ్యూజియాలకు వెళ్లాయి. లాస్ వేగాస్‌లోని నెవడా స్టేట్ మ్యూజియంలో ఒక అస్థిపంజరాన్ని నిలబెట్టారు. అది చూపరులను ఆకట్టుకుంటుంది. కానీ ఏ ఎముక పక్కన ఏ ఎముక, ఏ పొరలో, ఏ దిక్కుగా పడి ఉందన్న సాక్ష్యం మ్యూజియం హాల్లో దొరకదు. ఆ సాక్ష్యమే తర్వాత అక్కరకొచ్చింది.

అన్ని భారీ జంతువులు ఒకేచోట ఎందుకు చనిపోయాయన్నది మొదటినుంచీ ఉన్న ప్రశ్న. తీరానికి కొట్టుకొచ్చి చిక్కుకుపోయే తిమింగలాల్లా ఇవీ లోతు లేని నీటిలో ఇరుక్కుని చనిపోయాయని క్యాంప్ మొదట భావించారు. 1992లో జెన్నిఫర్ హోగ్లర్ రాతి స్వభావాన్ని మళ్లీ పరిశీలించి, ఇక్కడి నీరు లోతైనదని, తీరంలో చిక్కుకున్న ఆనవాళ్లు లేవని వాదించారు. 2011లో మార్క్ మెక్‌మెనమిన్ ఒక సంచలన ప్రతిపాదన చేశారు. ఎముకలను ఏదో భారీ ఆక్టోపస్ లాంటి జీవి ఒక క్రమంలో పేర్చిందన్నది ఆయన ఊహ. అలాంటి జీవి ఉన్నట్టు శిలాజం ఒక్కటీ లేదు. పురాజీవ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది దాన్ని తిరస్కరించారు. పత్రికల్లో మాత్రం అది చాలాకాలం తిరిగింది.

2022 డిసెంబర్‌లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ చర్చను కొత్త మలుపు తిప్పింది. నీల్ కెల్లీ, రాండల్ ఇర్మిస్, నికొలస్ పైన్సన్ తదితరులు క్వారీ 2ను లేజర్ స్కానింగ్‌తో, వేల ఫోటోలతో మూడు పరిమాణాల్లో నమోదు చేశారు. క్యాంప్ రాసుకున్న నోట్సు, పాత ఫోటోలు, మ్యూజియాల్లోని ఎముకలు అన్నీ మళ్లీ తీశారు. రాతి రసాయనాన్ని పరీక్షిస్తే పెద్ద అగ్నిపర్వత విస్ఫోటనానికి గుర్తుగా కనిపించాల్సిన పాదరసపు మోతాదు కనిపించలేదు. విష శైవలాలు విజృంభించిన జాడా లేదు. అంటే ఒక్క విపత్తులో అన్నీ చనిపోయాయన్న వాదనకు ఆధారం దొరకలేదు. పైగా శిలాజాలు లక్షల ఏళ్ల ఎడంతో వేర్వేరు పొరల్లో ఉన్నాయి. పెద్ద జంతువులతోపాటు చాలా చిన్న ఎముకలు, పళ్లు దొరికాయి. సూక్ష్మ సీటీ స్కానింగ్‌లో అవి గర్భస్థ, అప్పుడే పుట్టిన షోనిసారస్‌లవని తేలింది. మధ్య వయసువి మాత్రం లేవు. ఆ ప్రాంతంలో వాటికి తిండిగా పనికొచ్చే చేపల శిలాజాలు కూడా అరుదే. వీటన్నిటినీ కలిపి పరిశోధకులు చెప్పిందేమంటే, తల్లులు తరతరాలుగా ఈ నీటికి వచ్చి పిల్లల్ని కనేవి, తిండి వేటకు వేరేచోటికి పోయేవి. ఇవాళ్టి తిమింగలాలు కొన్ని చేసే పనే ఇది. 23 కోట్ల ఏళ్ల కిందట, పూర్తిగా వేరే వంశపు జీవులు కూడా అలాగే చేశాయన్నది అసలు విశేషం.

1954లో సీటీ స్కానింగ్ లేదు, లేజర్ లేదు, రాతిలో పాదరసపు జాడను ఇంత సూక్ష్మంగా కొలిచే పద్ధతీ లేదు. క్యాంప్ బృందం మొత్తాన్ని పెకిలించి పంచేసి ఉంటే, ఆ తర్వాత ఎంత గొప్ప యంత్రం వచ్చినా ఈ ప్రశ్న అడగడానికి చోటే మిగిలేది కాదు. శిలాజ స్థలాలను కాపాడటం ఖర్చు దండగనేవాళ్లకు దీనికన్నా స్పష్టమైన జవాబు మరోచోట దొరకదు. అలాగే వదిలేసినా సరిపోదు. షెల్టర్ లేకపోతే మంచు, ఎండ, రాత్రీ పగలూ మారే ఉష్ణోగ్రత రాతిని పగలగొట్టి ఎముకను పిండి చేసేవి.

ఊరి విషయంలో పార్కు వేరే పద్ధతి పాటిస్తోంది. ఇళ్లను కొత్తవాటిలా మార్చరు, కూలిపోనూ ఇవ్వరు. ఉన్న స్థితిలో శిథిలం కావడాన్ని ఆపుతారు. పైకప్పు కారకుండా చూస్తారు, గోడ పడిపోకుండా ఊతమిస్తారు, అంతకు మించి ఏ మెరుగూ దిద్దరు. కాలిఫోర్నియాలో బోడీ అనే గని ఊరిని కాపాడుతున్నదీ ఈ పద్ధతిలోనే. దీనికి నిరంతరం వడ్రంగి పని, ఏటా బడ్జెట్టు కావాలి. చూడటానికి ఏమీ చేయనట్టు కనిపించే పనికి నిధులు అడగడం ఏ ప్రభుత్వ శాఖకైనా కష్టమే. అందుకే చట్టసభల్లో ఈ పద్ధతి పక్షాన మాట్లాడేవాళ్లు అవసరం.

గని సొరంగాల సంగతి వేరు. పాత దుంగలు పుచ్చిపోయి పైకప్పు ఎప్పుడైనా కూలవచ్చు, నిలిచిన గాలిలో ఆక్సిజన్ లేకపోవచ్చు. నెవడా మొత్తం మీద వదిలేసిన గనుల గోతులు, సొరంగాల్లో మనుషులకు ప్రమాదకరమైనవి సుమారు 50,000 ఉంటాయని అంచనా. వీటికి కంచెలు, హెచ్చరిక బోర్డులు పెట్టే పథకాన్ని 1987 నుంచి రాష్ట్ర ఖనిజ విభాగం నడుపుతోంది. గబ్బిలాలు కాపురమున్న సొరంగాలను పూర్తిగా పూడ్చకుండా ఇనుప ఊచల తలుపులు బిగిస్తారు. వీటిని తవ్వినవాళ్లు లాభమో నష్టమో మూటగట్టుకుని ఎప్పుడో వెళ్లిపోయారు. ఖర్చు ఇప్పటి ప్రజలది.

ఈ పరిస్థితికి మూలం 1872 నాటి గనుల చట్టం. నెవడా నేలలో నూటికి 80కి పైగా ఫెడరల్ ప్రభుత్వానిదే. ఆ నేల మీద బంగారం, వెండి, రాగి వంటివి కనిపెట్టినవాళ్లు హక్కు గుర్తు పాతి తవ్వుకోవచ్చునని చట్టం చెబుతుంది. బొగ్గు, చమురు తీసేవాళ్లు 1920 నుంచి ఫెడరల్ ఖజానాకు రాయల్టీ కడుతున్నారు. ఈ లోహాల మీద మాత్రం 150 ఏళ్లు దాటినా ఫెడరల్ రాయల్టీ లేదు. సవరించాలని కాంగ్రెస్‌లో పలుమార్లు జరిగిన ప్రయత్నాలు ముందుకు సాగలేదు. అమెరికా తవ్వే బంగారంలో దాదాపు నాలుగింట మూడు వంతులు నెవడాదే. నై కౌంటీలోనే, బెర్లిన్‌కు తూర్పున బిగ్ స్మోకీ లోయలో, రౌండ్ మౌంటెన్ గని ఇప్పటికీ నడుస్తోంది. టన్ను రాతిలో గ్రాము బంగారం కూడా లేకపోయినా, కొండనే తవ్వి కుప్పపోసి సైనైడ్ ద్రావణం చిలకరించి తీయడం ఇప్పుడు గిట్టుబాటే. బెర్లిన్ కార్మికులు పనికిరాదని వదిలేసిన రాయి ఈ లెక్కన ఖనిజమే. రాష్ట్రంలో లిథియం కోసం కూడా కొత్త గనులు తెరుచుకుంటున్నాయి, బ్యాటరీ కార్లకు అది కావాలి. ఎడారి కొండలు ఖాళీ నేలలేనన్న పాత భావన ఈ కొత్త అవసరంతో మళ్లీ బలపడుతోంది.

అందువల్ల పార్కు సరిహద్దు ఎక్కడ గీశారన్నది చిన్న విషయం కాదు. గీత లోపల రాతిని, ఎముకను, చెక్క ఇంటిని రాష్ట్ర చట్టం కాపాడుతుంది. గీత బయట అవే లూనింగ్ పొరలు కొండల్లోకి కొనసాగుతాయి, అక్కడ ఫెడరల్ నేల మీద వెన్నెముక ఉన్న జీవుల శిలాజాలను అనుమతి లేకుండా తీయకూడదని 2009 చట్టం చెబుతుంది. అయితే గనికి అనుమతి ఇచ్చేటప్పుడు ఆ శిలాజాల విలువను ఎవరు, ఏ దశలో లెక్కిస్తారన్నది ప్రతి ప్రాజెక్టు పరిశీలనలోనూ విడిగా తేలాల్సిందే. ఆ పరిశీలన తవ్వకం మొదలయ్యాక కాదు, ముందే జరగాలి. అందులో శాస్త్రవేత్తలతోపాటు రీస్ నది లోయలోని షోషోనీల మాటకూ చోటుండాలి. ఈ కొండల మీద 1863లో తాము దేనికి అనుమతించారో, దేనికి అనుమతించలేదో చెప్పగలిగినవాళ్లు వాళ్లే.